దేశనూరు కాలువ, మన క్యాంపులు, సావనీర్‌లో ఒక వాక్యం

ఇది కాస్త పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి.

మన సంఘం తరఫున సావనీర్ వేస్తున్న సంగతి మీకు తెలుసు. పాత ఫొటోలు, మొదటి తరం పెద్దల వివరాలు, వలస చరిత్ర మీద ఒక వ్యాసం అందులో ఉంటాయి. ఆ వ్యాసం ఒకసారి చూసి తప్పులు దిద్దమని కుర్రాళ్ళు నాకు పంపారు. బాగానే రాశారు. కానీ మొదటి పేజీలోనే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మన పెద్దలు వచ్చేనాటికి ఈ ప్రాంతంలో రాళ్ళు, ముళ్ళు తప్ప ఏమీ లేవు."

ఈ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పట్నించీ పెళ్ళిళ్ళలో, పంచాయతీల్లో, కార్తీక వనభోజనాల్లో వింటూనే పెరిగాను. నిజం చెప్పాలంటే నేనూ చాలాసార్లు అన్నాను. అయితే నోటితో అనడం వేరు, అచ్చేసి పిల్లల చేతిలో పెట్టడం వేరు. అచ్చయ్యాక అదే చరిత్ర అయి కూర్చుంటుంది. అందుకే ఆ వాక్యం దగ్గర ఎర్ర సిరాతో గీత పెట్టి, ఎందుకు పెట్టానో మీ అందరికీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు దేశనూరు సంగతి. ఆ పేరు చెబితే మనవాళ్ళకి గుర్తొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ. సిరుగుప్ప తాలూకాలో తుంగభద్ర పక్కన ఉన్న ఊరు. ఫ్యాక్టరీ కంటే, డ్యాం కంటే, మన క్యాంపుల కంటే కొన్ని వందల ఏళ్ళ ముందే ఆ ఊరి పేరుతో ఒక కాలువ ఉంది. తుంగభద్ర మీద విజయనగర రాజుల కాలంనాటి ఆనకట్టలు, కాలువల జాబితా ఇరిగేషన్ వాళ్ళ లెక్కల్లో ఇప్పటికీ ఉంది. రాయ, బసవన్న, తుర్తు, రామసాగర, కంప్లి, బెళగోడు, వాటితోపాటు సిరుగుప్ప కాలువ, దేశనూరు కాలువ. హంపి శిథిలాలు చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్తాం. అదే రాజ్యం వదిలివెళ్ళిన కాలువ మన పొలాల పక్కన ఈరోజుకీ పారుతుంటే మోటారు సైకిలు మీద దాటి వెళ్ళిపోతాం.

సిరుగుప్ప అన్న పేరుకే సిరుల కుప్ప అని అర్థం చెబుతారు. చుట్టూ మెట్టనేల, మధ్యలో కాలువ కింద పచ్చగా తరి పొలం. ఆ తేడా చూసే ఆ పేరు పెట్టారని బ్రిటిష్ వాళ్ళ గెజిటీర్లలోనే రాసుకున్నారు. అంటే డ్యాం రాకముందే ఇక్కడ వరి ఉంది. వరి పండించే రైతులున్నారు, కాలువ పూడిక తీసేవాళ్ళున్నారు, వంతుల వారీగా నీళ్ళు పంచుకునే పద్ధతులున్నాయి. కాబట్టి నది ఒడ్డున నిలబడి "ఏమీ లేవు" అంటే అది శుద్ధ అబద్ధం.

అయితే నది విడిచి ఐదారు మైళ్ళు లోపలికి వెళ్తే కథ మారిపోతుంది. మన పెద్దల మాట నిజానికి దగ్గరగా వచ్చేది అక్కడే. ఏడాదికి ఇరవై, ఇరవై నాలుగు అంగుళాల వాన. అది కూడా వస్తే వచ్చినట్టు. నల్లరేగడిలో జొన్న, పత్తి, కొర్ర. వాన తప్పితే గడ్డి కూడా ఉండదు. ఈ మెట్ట ఊళ్ళలో మనిషి ఎలా బతికాడన్నదే నా దృష్టిలో బళ్ళారి జిల్లా అసలు చరిత్ర. రాజులు, యుద్ధాలు ఎలాగూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. అప్పుడు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. రైత్వారీ పద్ధతి పుణ్యమా అని మన్రో పేరు సీమలో ఇప్పటికీ తెలుసు. పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు. ఆయన 1813లో లండన్‌లో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు. అక్కడివాళ్ళకి కావలసిన సమాచారం ఒక్కటే: ఇండియాలో జనం ఇంగ్లండు సరుకు కొంటారా? దానికి మన్రో చెప్పిన లెక్క ఇది. వ్యవసాయ కూలీకి నెలకు 4 నుంచి 6 షిల్లింగులు వస్తాయి. ఒక మనిషి బతకడానికి ఏడాదికి 18 నుంచి 27 షిల్లింగులు అవుతుంది. ఉన్ని బట్టలు అక్కడ అమ్ముడుపోవు, ఎందుకంటే వాళ్ళు నేసుకునే ముతక ఉన్నే వాళ్ళు కట్టుకుంటారు.

ఈ లెక్కని మన రూపాయల్లోకి మార్చి చూడండి. అప్పట్లో రూపాయి సుమారు రెండు షిల్లింగులు. అంటే కూలి నెలకు రెండు మూడు రూపాయలు, మనిషి ఖర్చు ఏడాదికి తొమ్మిది నుంచి పదమూడున్నర. పన్నెండు నెలలూ పని దొరికిందనుకుంటే ఒకడి కూలి మీద ఇద్దరు బతకొచ్చు, మహా అయితే నలుగురు. పన్నెండు నెలలూ పని దొరికే మెట్ట ఊరు నేనైతే చూడలేదు. ఇక ఆ ముతక ఉన్ని ఏమిటో బళ్ళారి వాళ్ళకి చెప్పక్కర్లేదు. నల్ల గొంగళి. గొర్రెలకాపరి భుజం మీద ఇప్పటికీ ఉంది. చలికి కప్పుకోను, వానకి తలమీద వేసుకోను, రాత్రికి పరుచుకోను అదే.

చెప్పొచ్చేదేమిటంటే, ఈ జిల్లా జనం బతుకు ఎలా ఉందని తెల్లవాళ్ళు లెక్క తీసింది ఇక్కడివాళ్ళ మంచి కోసం కాదు, బట్టల బజారు కోసం. అయినా ఆ లెక్క మనకి మిగిలింది, అది చాలు. ఇంకో ముక్క కూడా చెప్పాలి. ఇంత చేసిన మన్రో గవర్నరయ్యాక 1827 జులైలో వీడ్కోలు పర్యటనకి వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గవర్నరుకే తప్పలేదంటే, ఊరి చెరువు నీళ్ళు తాగే మనిషి సంగతి ఏం చెప్పాలి?

ఇక కరువు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ఆ కరువు మొదలైంది ధాత నామ సంవత్సరంలో. మద్రాసు రాజధానిలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ మధ్య ఈ జిల్లాలో జనం సుమారు ఐదోవంతు తగ్గిపోయారు. పదేళ్ళలో పెరగాల్సిన జనం పెరగకపోగా, ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరు లేరన్నమాట. కొందరు పోయారు, కొందరు ఊరు విడిచి వెళ్ళారు. రైలు అప్పటికే బళ్ళారికి వచ్చింది. ధాన్యం రైల్లో వచ్చినా, కొనే డబ్బు మనిషి దగ్గర లేదు.

కలకత్తా నుంచి వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల కూలీని కోసేశాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. పౌను అంటే అరకిలో కూడా కాదు. అంత తిని రాళ్ళు కొట్టాలి. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇది పని చేసే ఒంటికి సరిపోదని గట్టిగా వాదించాడు. తర్వాత కొంత పెంచారు. విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు ఈ గొడవంతా 1878లోనే పుస్తకంగా వేశాడు. అందులో మాటిమాటికీ వచ్చే మాట ఒకటుంది: క్యాంపు. రిలీఫ్ క్యాంపు. తిండి లేనివాళ్ళని చేర్చి గంజి పోసిన చోటు. ఎనభై ఏళ్ళ తర్వాత అదే జిల్లాలో ఆ మాటే మన ఊళ్ళ పేర్ల చివర చేరింది. కొత్తగా వచ్చినవాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటల్లా క్యాంపే అయింది. మెట్ట ఊళ్ళ ముసలివాళ్ళ చెవికి ఆ మాట ఎలా వినబడిందో మనవాళ్ళెవరూ ఎప్పుడూ ఆలోచించి ఉండరు.

"మా గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇలాంటివి లేవు" అని ఎవరైనా అనుకుంటే, వాళ్ళ కోసం ఒక మాట. 1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభాలో లక్షన్నరకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనా. మన ముత్తాతల తాతలు ఆ కరువులో బతికి బయటపడ్డవాళ్ళే. ఆ తర్వాత కాటన్ దొర గోదావరి మీద ధవళేశ్వరం కట్టించాడు. 1855 నాటికి బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. డెల్టా బతుకు మారింది. తుంగభద్ర కొత్త కాలువల్లో నీళ్ళు పారింది 1953లో. మధ్యలో 98 ఏళ్ళ తేడా. మనకీ బళ్ళారి రైతుకీ ఉన్న తేడా అదే. మనవాళ్ళు తెలివైనవాళ్ళు, వీళ్ళకి వ్యవసాయం రాదు అనే మాటలు సంఘం మీటింగుల్లో వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తుంగభద్ర మీద రిజర్వాయరు కట్టాలన్న ఆలోచన కూడా కాటన్ కాలానిదే. అప్పట్లో ఒక ప్రైవేటు కంపెనీ కర్నూలు–కడప కాలువ తవ్వింది. నల్లరేగడి రైతులు ఆ నీళ్ళు పెద్దగా తీసుకోలేదు. కంపెనీ నష్టపోతే 1882లో ప్రభుత్వం కొనేసింది. ఈ కథ చెప్పి, చూశారా, నీళ్ళిస్తామన్నా వద్దన్నారు అని నవ్వేవాళ్ళున్నారు. కానీ రేగడికి వరి నీళ్ళు ఏళ్ళ తరబడి పెడితే ఏమవుతుందో ఇప్పుడు మన పొలాల్లోనే కనబడుతోంది. నీరు నిలిచి, ఉప్పు తేలి తుంగభద్ర ఆయకట్టులో వేల హెక్టార్లు పాడయ్యాయి. ఆనాటి జొన్న రైతుకి తన నేల సంగతి తెలుసు.

డ్యాం దగ్గరికొస్తే సంగతులు త్వరగా చెప్పేస్తాను, మీలో చాలామందికి తెలిసినవే. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో సీమకు మొదటి హక్కు అని రాసుకున్నారు. అప్పటికి బళ్ళారి కూడా సీమే. 1944లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. ఇటు ఒడ్డున మద్రాసు గవర్నరు, అటు ఒడ్డున నిజాం పెద్ద కొడుకు. పని సాగుతుండగానే 1952లో సీమకు మళ్ళీ కరువొచ్చింది. గంజి కేంద్రాలు తెరిచారు, సైన్యం వచ్చి బావులు తవ్వింది. విచిత్రమేమిటంటే అదీ నందన నామ సంవత్సరమే. మరుసటేడు జులైలో కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి జిల్లాని ముక్కలు చేశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకి, సిరుగుప్పతో సహా మిగతా తాలూకాలు మైసూరుకి. బళ్ళారి తాలూకా మీద మిశ్రా కమిషన్ వేసి, చివరికి దాన్నీ మైసూరులోనే ఉంచారు. ఒకే ఏడాది నీళ్ళూ వచ్చాయి, సరిహద్దు రాళ్ళూ వచ్చాయి.

ఆ సరిహద్దు దాటి వచ్చినవాళ్ళం మనం. మా నాన్న 1961లో వచ్చాడు. ఉయ్యూరు పక్కన ఎకరంన్నర అమ్మి, ఇక్కడ పన్నెండెకరాలు కొన్నాడు. బెజవాడ నుంచి గుంతకల్లు మీదుగా మీటర్‌గేజి బండిలో బళ్ళారి, అక్కణ్ణించి బస్సు, ఆపైన నడక. అమ్మ చంకలో మా అక్క, నెత్తిన ఇత్తడి బిందె. నేను ఇక్కడే పుట్టాను.

ఆ మొదటి ఏళ్ళ గురించి నాన్న చెప్పే కథ వేరు, అమ్మ చెప్పే కథ వేరు. నాన్న కథలో చదును చేసిన ఎకరాలు, కొన్న ఎడ్లు, ఎకరానికి ఎన్ని బస్తాలు అయ్యాయి అన్నవి ఉంటాయి. అమ్మ కథలో పాములు, జ్వరాలు, నీళ్ళు. తాటాకు ఇక్కడ దొరకదు కాబట్టి జొన్నదంటుతో, బోదగడ్డితో కప్పిన గుడిసె. గాలివానకి రెండుసార్లు లేచిపోయింది. కాలువ నీళ్ళు బిందెలో పోసి, చిల్లగింజ అరగదీసి, తేరుకున్నాక వంచుకుని తాగడం. కాలువ కట్టేసిన నెలల్లో అదీ లేదు. మైలున్నర దూరంలో పాత ఊళ్ళో బావి ఉంటే అక్కడికి వెళ్ళేవాళ్ళు. కాలువలు, వరి మళ్ళు వచ్చాక దోమలూ వచ్చాయి. చలిజ్వరం రాని ఇల్లు క్యాంపులో లేదు. మా అక్క తర్వాత పుట్టిన బాబు ఏడాది నిండకుండానే జ్వరంతో పోయాడు. ఆసుపత్రి అంటే బళ్ళారే. బస్సు రోజుకు ఒకటి. ఆ రోజు అదీ రాలేదు.

పాత ఊరి బావి అన్నాను కదా. ఆ బావి దగ్గర అమ్మకి చోటిచ్చింది ఒక కన్నడావిడ. భాష రాదు. మొదటిరోజు చేద లాక్కుని నీళ్ళు తోడి అమ్మ బిందెలో పోసి, ఏదో అని నవ్విందట. అమ్మ ఆవిణ్ణి అక్కా అనేది, ఆవిడ అమ్మని తంగీ అనేది. బియ్యం నిండుకుంటే జొన్నలిచ్చింది. రొట్టె తట్టడం నేర్పింది. అమ్మ చేతి రొట్టె జీవితాంతం వంకరగానే వచ్చిందనుకోండి, అది వేరే విషయం. కానీ పొయ్యి మీద మొదటి ఏడాది ఉడికింది ఆ జొన్నలే. "రాళ్ళు, ముళ్ళు తప్ప ఏమీ లేవు" అని అచ్చేస్తే ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

ముళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక సరదా సంగతి. మన పెద్దలు నరికి నరికి చేతులు బొబ్బలెక్కించుకున్న సర్కారు తుమ్మని కన్నడంలో బళ్ళారి జాలి అంటారు. ఈ జిల్లా పేరే పెట్టేశారు. కానీ ఆ చెట్టు ఇక్కడిది కాదు. అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దం చివర్లో మన దేశంలోకి తెచ్చారు. ముళ్ళు కూడా మనలాగే వలస వచ్చినవే!

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన భాగం. డ్యాం కట్టినవాళ్ళు ఈ నీళ్ళు వరికోసం అనుకోలేదు. కరువు నేల మీద వీలైనంత ఎక్కువ దూరం పల్చగా పారించి, జొన్న, పత్తి లాంటి ఆరుతడి పైర్లని కాపాడాలన్నది ప్లాను. ఏ సర్వే నంబరుకి ఏ పంట అని లోకలైజేషన్ చేసి కాగితాల మీద రాశారు. వరికి, చెరుకుకి కేటాయించింది కొంచెమే. మనవాళ్ళు వచ్చారు, కాలువ మొదట్లో భూములు కొన్నారు, వచ్చిన విద్య వరి కాబట్టి వరి వేశారు. పండింది. పక్క రైతులూ చూసి వేశారు. గంగావతి దగ్గర శ్రీరామనగర్, సింధనూరు దగ్గర గాంధీనగర్, ఇటు సిరుగుప్ప, అన్ని చోట్లా ఇదే కథ. రైసు మిల్లులు వచ్చాయి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 ఇక్కడి మళ్ళలో పండి బెంగళూరు బజారుకి వెళ్ళింది. ఇదంతా నిజం, ఇందులో మనవాళ్ళ చెమట ఉంది, నేను కాదనను.

కానీ మొదట్లో వాళ్ళు మళ్ళు నింపుకుంటే చివర్లో వాళ్ళకి ఏం మిగులుతుంది? నెదర్లాండ్స్‌కి చెందిన పీటర్ మొల్లింగా అనే పరిశోధకుడు ఎడమ కాలువ మీద ఏళ్ళ తరబడి తిరిగి ఇదే విషయం మీద పుస్తకం రాశాడు. తూము తలుపు ఎవరు ఎత్తుతారు, రాత్రి ఎవరు కాపలా కాస్తారు, ఇంజనీరు ఎవరి మాట వింటాడు అన్నది వివరంగా చెప్పాడు. చదువుతుంటే మా ఇంటి అరుగు మీద జరిగిన మాటలే అచ్చులో చూసినట్టు అనిపించింది. నీటిగంటల రోజుల్లో మా అరుగు మీదికి లస్కరు వచ్చేవాడు. కాఫీ తాగేవాడు. వెళ్ళేటప్పుడు సంచిలో ఏదో ఒకటి ఉండేది. నాకప్పుడు పదేళ్ళు. అది మర్యాద అనుకునేవాణ్ణి.

మన కుడి ఒడ్డు లో లెవెల్ కాలువే తీసుకోండి. సుమారు 250 కిలోమీటర్లు కర్ణాటకలో పారి, ఆ తర్వాత కర్నూలు వైపు వెళ్తుంది. ఆంధ్ర వాటా 24 టీఎంసీలు. ఆ వాటా నిండుగా అందడం లేదని ఆదోని, ఆలూరు రైతులు మొత్తుకుంటూనే ఉంటారు. డ్యాంలో పూడిక చేరి 133 టీఎంసీల నిల్వ 105 దగ్గరకి వచ్చిందన్నది ఒక కారణం. దారిలో మనం తోడుకునేది ఇంకో కారణం. ఆ ఆదోని, ఆలూరు 1953 దాకా మన జిల్లాలోవే. అక్కడివాళ్ళూ తెలుగువాళ్ళే. తెలుగువాళ్ళ ఐక్యత అని బ్యానరు కడతాం, కాలువ చివర ఉన్న తెలుగువాడికి నీళ్ళు చేరాయా అని అడగం.

ఇంకా విచిత్రం వినండి. కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని పల్లెల నుంచి ఏటా సుగ్గికి వెళ్ళేవాళ్ళు వేలల్లో ఉంటారు. పిల్లాజెల్లాతో, బియ్యం మూటతో లారీలెక్కి ఎక్కడికి వెళ్తారు? గుంటూరు జిల్లాకి, మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి. గుంటూరు రైతు నీళ్ళు వెతుక్కుంటూ తుంగభద్రకి వచ్చాడు, తుంగభద్ర నీళ్ళు అందని కూలీ గుంటూరుకి వెళ్తున్నాడు. ఆ మూడు నెలలూ పిల్లల బడి ఆగిపోతుంది. బళ్ళారి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత 67 శాతం. కర్ణాటక మొత్తానికి 75. ఆడవాళ్ళ వరకే చూస్తే 58 దగ్గర ఆగిపోయింది. ఇనుప గనుల జిల్లా, బియ్యం గిన్నె అని పేరుపడ్డ జిల్లా ఇది. హైదరాబాదు రాష్ట్రంలో ఎప్పుడూ లేకపోయినా వెనుకబాటుతనం చూసి దీన్ని కూడా 371 జె కింద చేర్చారు. మన క్యాంపుల పిల్లలు ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళారు. అదే క్యాంపులో నాట్లు వేసిన వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారు? నాకు తెలిసినంతలో ఎక్కువమంది నాట్లే వేస్తున్నారు. యంత్రాలు వచ్చాక కోతలు కూడా లేవు.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఎవరికీ నిద్ర లేదు. నీళ్ళు టీవీలో కనబడుతున్నాయి, పోతున్నాయి. కన్నయ్యనాయుడు గారు ఆ వయసులో వచ్చి దగ్గరుండి స్టాప్‌లాగులు దింపించేదాకా వారం రోజులు ఊపిరి బిగబట్టుకున్నాం. ఆ వారం ఆదోని నుంచి ఒక దూరపు బంధువు ఫోన్ చేశాడు. "మీకు ఈ ఏడు భయమేసింది బావా. మాకు ప్రతి ఏడూ ఇదే" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

నాన్న పోయాక బీరువాలో ఆయన పద్దు పుస్తకాలు దొరికాయి. 1963 నుంచి ఉన్నాయి. ఎరువుల ఖర్చు, ఎడ్ల దాణా, కూలీలు. చక్కటి దస్తూరి. మగ కూలీలకి పేర్లున్నాయి. తండ్రి పేరు, ఊరు కూడా. ఎవరికి ఎంత బాకీ, ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారు అన్నీ ఉన్నాయి. నాట్ల రోజులు వస్తే మాత్రం ఇలా ఉంటుంది: "ఆడ 14." మర్నాడు "ఆడ 11." కూలి మగవాళ్ళ కంటే తక్కువ, పేరు అసలు లేదు. పన్నెండెకరాలు నాటింది ఎవరయ్యా అంటే, ఆడ 14. నాన్న చెడ్డవాడు కాదు, అందరూ అలాగే రాసుకున్నారు. అమ్మని అడిగితే వాళ్ళలో తొమ్మిది మంది పేర్లు గడగడా చెప్పింది. ఎవరు ఎవరి కోడలో, ఎవరికి ఎంతమంది పిల్లలో కూడా. మిగతావి మర్చిపోయానని బాధపడింది. అమ్మకిప్పుడు 86.

సావనీర్ కమిటీకి నేను అడిగేవి ఇవి. ఆ వాక్యం తీసేయండి. దాని బదులు, మనం వచ్చేనాటికి నది ఒడ్డున విజయనగర కాలంనాటి కాలువలున్నాయని, మెట్ట ఊళ్ళలో కరువుల్ని తట్టుకుని నిలబడ్డ జనం ఉన్నారని, వాళ్ళు మనకి నీళ్ళు, జొన్నలు ఇచ్చారని రాయండి. వాళ్ళు భూమి ఎందుకంత చవగ్గా అమ్మారో కూడా రాయండి. అప్పులు తీర్చడానికి, చదును చేయించే స్తోమత లేక అమ్మారు, వ్యవసాయం రాక కాదు. మన కష్టం గురించి ఎంతైనా రాయండి, నేనూ సాయం చేస్తాను. అమ్మ చెప్పినవన్నీ రికార్డు చేసి పెట్టాను.

ఇంకొకటి. వచ్చే ఆదివారం పది గంటలకి సిరుగుప్పలో మీటింగు ఉంది కదా. మీ ఇళ్ళలో పాత పద్దు పుస్తకాలు ఉంటే తీసుకురండి. చెదలు పట్టినా పర్వాలేదు. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళనీ తీసుకురండి, కారు నేను పంపిస్తాను. నాట్లు వేసినవాళ్ళ పేర్లు ఎన్ని దొరికితే అన్ని రాసుకుందాం. తొమ్మిది నా దగ్గరున్నాయి.